నాలుగు వేళ్ల దారం

నాకు ఈత రాదన్న సంగతి నాకూ, మా ఆవిడకూ తప్ప మూడో మనిషికి తెలియని రోజుల్లో నేను పడవ పందేలకు అంపైరునయ్యాను. ఇంతకన్నా తెలివితక్కువ పనులు నా జీవితంలో ఇంకొన్ని ఉండొచ్చు గానీ, ఇంత తడిసినవి మాత్రం లేవు.

తప్పంతా నాదే. ఒకసారి జగిత్యాలలో మీటింగుకు పోయినప్పుడు వ్యాయామ ఉపాధ్యాయులందరి చేతుల్లోనూ ఒక కాగితం పెట్టారు. సిరిసిల్ల దగ్గర మానేరు జలాశయంలో పిల్లలకు రోయింగ్ నేర్పుతున్నారనీ, పోటీలు నడిపించడానికి మనుషులు కావాలనీ, హైదరాబాదులో నాలుగు రోజుల శిక్షణ ఉంటుందనీ అందులో ఉంది. ఆ రోజు కరెంటు లేదు. మిగతావాళ్లు కాగితాన్ని మడిచి విసురుకున్నారు. నేను మాత్రం చదివాను. చివర "ఈత వచ్చునా?" అని ఒక గడి ఉంది. అందులో "వచ్చును" అని రాశాను. అబద్ధమాడానని మీరు అనుకోవద్దు. నేను రాసింది భవిష్యత్ కాలం.

పాతికేళ్లుగా కోరుట్లలో పిల్లలచేత కబడ్డీ ఆడిస్తూ విజిల్ ఊదినవాణ్ణి. మా వంటింట్లో కుక్కరు కూడా నన్ను చూసే నేర్చుకుందని మా ఆవిడ అంటుంది. అన్నేళ్లు దుమ్ములో తీర్పులు చెప్పినవాడికి తీరం మీద తీర్పు చెప్పడమంటే ఆ మాటే తీయగా వినిపించింది. శిక్షణ అయ్యాక తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జేబు మీద కుట్టుకోవడానికి ఒక బిళ్ల, ఒక ఎర్రజెండా, ఒక తెల్లజెండా ఇచ్చి పంపారు. ఇంట్లో అన్నీ తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను.

మా ఆవిడ పైనుంచి కిందిదాకా చూసి, "స్టేషన్ మాస్టర్ లెక్కనే ఉన్నవు. రైలేది?" అంది.

మొదటి పోటీలకు ఒకరోజు ముందే సిరిసిల్ల పోయాను. రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారి సిరిసిల్ల, ఆటోలో నీళ్ల ఒడ్డు. ఒడ్డున రేకుల షెడ్డులో పడవలు. వాటిని చూసుకునే మనిషి అంతకుముందు పవర్‌లూమ్ మగ్గాల మెకానిక్కు. ముప్ఫయ్యేళ్లు మగ్గాల మోతలో బతికినవాడు కాబట్టి నెమ్మదిగా మాట్లాడటం ఆయనకు రాదు. పక్కన కూర్చుని టీ తాగుతున్న మనిషితో కూడా నాలుగు మగ్గాల అవతల నిలబడ్డవాడితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. మగ్గాల షెడ్లలో పని పలచబడ్డాక, పడవలకు మరమ్మతు చేసే మనిషి కావాలంటే ఇటు వచ్చాడు. పడవకు చెవి ఆనించి ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. చెప్పింది నిజమయ్యేది కూడా. పడవను కూడా ఆయన మగ్గాన్ని చూసినట్టే చూసేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ చిక్కు వచ్చి నా కాళ్లకే పడింది.

ఒక్కరే నడిపే రోయింగ్ పడవ ఎలా ఉంటుందో చెప్పాలి. మక్కజొన్న ఆకును నీళ్ల మీద పరిచినట్టుంటుంది. అంతే పొడుగు తీరు, అంతే సన్నం, కూర్చుంటే అంతే నమ్మకం. నడిపే మనిషి వీపును ముందుకు పెట్టి, అంటే పోవాల్సిన దిక్కుకు వెనుదిరిగి కూర్చుంటాడు. కాళ్ల దగ్గర ఒక పలక, ఆ పలకకు బిగించిన ఒక జత బూట్లు ఉంటాయి. ఆ బూట్లలో కాళ్లు పెట్టి, పలకను తన్నిపట్టి తెడ్లు లాగాలి. బూటు మడమను పలకకు కట్టి ఉంచుతూ చిన్న దారం ఒకటి ఉంటుంది. ఈ కథంతా ఆ దారం గురించే. పడవ తిరగబడితే మనిషి కాలు లాక్కుంటాడు. దారం పొట్టిగా ఉంటే బూటు అక్కడే ఆగి కాలు ఒక్కటే బయటికొస్తుంది. పొడుగ్గా ఉంటే కాలితోపాటు బూటూ లేస్తుంది, కాలు లోపలే ఉండిపోతుంది. అప్పుడు బూటు పడవను వదలదు, కాలు బూటును వదలదు, ఊపిరి ఒక్కటే మనిషిని వదలడానికి చూస్తుంది. ఈ సంగతి శిక్షణలో చెప్పే ఉంటారు. ఆ గంటలో నేను నా బిళ్ల వంకరగా ఉందా అని చూసుకుంటున్నట్టున్నాను.

అందుకే మెకానిక్కును అడిగాను. "గీ దారమేందన్నా?"

"మడమ దారం సారు. కంపెనోడు మరీ గింత పొట్టిగ వెట్టిండు. నేనే అన్నిటికి జెర వదులు జేసిన."

"ఎందుకు?"

"దారమన్నంక వదులుండాలె సారు. బిగవట్టి కడితే తెగుతది. పడుగైనా గంతే, పడవైనా గంతే."

పడుగంటే మగ్గం మీద నిలువుగా పరిచే దారాలు. వాటిని మరీ బిగిస్తే పుటుక్కున తెగుతాయన్నది సిరిసిల్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా పడుగు, పడవ అని ఎంత బాగా కుదిరింది! మాటలు అట్లా కలిసొస్తే నాకు బుద్ధి పనిచేయదు. తప్పు పట్టాల్సిన చోట "వహ్వా" అన్నాను.

ఆ ఊపులోనే పడవలో కూర్చుని ఫోటో దిగాలనిపించింది. నా ఫోనులో చార్జింగు లేదు, తన ఫోనుతో తీయమన్నాను. ఆయన లైఫ్ జాకెట్ అందించాడు.

"ఏసుకోండ్రి సారు."

"అద్దన్నా. బిళ్ల కనవడదు."

ఇది నేను అన్న మాటే. రేపటినుంచి అందరికీ భద్రత గురించి చెప్పబోయే మనిషి అన్న మాట. రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

కూర్చున్నాను. బూట్లలో కాళ్లు పెట్టాను. ఫోను వైపు చూసి నవ్వి, చెయ్యెత్తాను. తెడ్డు పిడి వదిలితే ఆ పడవ ఒక్క క్షణం కూడా నిలవదని నాకు అప్పుడు తెలిసింది. తెలిసేసరికి తల కిందికీ, కాళ్లు పైకీ ఉన్నాయి.

ఆ చోట నీళ్లు ఛాతీ లోతే. మామూలుగా పడితే లేచి నిలబడేవాణ్ణి. కానీ కాళ్లు లాగితే బూట్లు కూడా లేచి వస్తున్నాయి. ఎంత లాగితే అంత వస్తున్నాయి, ఊడటం మాత్రం లేదు. నీళ్లలోపల పచ్చగా ఉంది. చచ్చేముందు జీవితమంతా కనిపిస్తుందంటారు. నాకు "వచ్చును" అన్న నా చేతిరాత ఒక్కటే కనిపించింది. ఆ తర్వాత ఎవరో నా చొక్కా కాలరు పట్టి పైకెత్తారు. మెకానిక్కే. ఒక చేత్తో నా తల నీళ్ల పైన పట్టుకుని, రెండో చేత్తో బూట్ల పట్టీలు విప్పాడు. ఒడ్డుకు చేర్చి, వీపు మీద చరిచి, నేను బతికే ఉన్నానని నమ్మకం కుదిరాక గడ్డిలో కూర్చుని అరగంట నవ్వాడు.

ఫోటో అడిగితే ఆయన వీడియో తీశాడు. అందులో నేను కనిపించేది నాలుగే సెకన్లు. నేను నవ్వుతాను, చెయ్యెత్తుతాను, బుడుంగుమంటాను. ఆ తర్వాత అంతా ఆకాశమే. నన్ను పట్టుకోవడానికి ఉరికిన మనిషి ఫోను గడ్డిలోకి విసిరేశాడు. అది వెల్లకిలా పడి మేఘాలను చూస్తూ ఉండిపోయింది. కొత్త ఫోను అది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా విసిరేశాడు. ఆ సంగతి నేను మరిచిపోలేదు. నన్ను పైకి లాగిన ఆ చేతులతోనే సాయంత్రం ఆ వీడియోను పోటీల గ్రూపులో పెట్టాడు. ఆ సంగతి కూడా మరిచిపోలేదు.

తెల్లారేసరికి సిరిసిల్లలో నా పేరు బుడుంగు సారు. రెండు రోజుల్లో ఆ పేరు నాకన్నా ముందు బస్సెక్కి కోరుట్ల చేరింది.

"అన్నా, అది నా తప్పు గాదు. మడమ దారం వదులు గావట్టి కాళ్లు ఇరికినయి" అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

"దారంది ఏం లేదు సారు. పడవ జెర ఒరిగింది, మీ బొజ్జ గూడ దానెంబడే వోయింది" అని టీకొట్టు దగ్గర, నాలుగు వీధులకు వినిపించేలా చెప్పేవాడు.

వీడియోలో దారం కనిపించదు. కనిపించేది బొజ్జే. సాక్ష్యం ఆయన పక్షానే ఉంది.

ఆ ఎండాకాలమే ఈత నేర్చుకున్నాను. వెల్గటూరులో మా బామ్మర్ది వ్యవసాయ బావిలో, నడుముకు రెండు నూనె డబ్బాలు కట్టుకుని. బామ్మర్ది దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. బావి గట్టు మీద కూర్చుని తాడు పట్టుకునేవాడు.

"బావా, నువ్వు ఆటలు నేర్పే సారువేనా, లేకుంటే లెక్కల సారువా? నిజం జెప్పు" అని రోజూ అడిగేవాడు.

పదిహేను రోజులకు డబ్బాలు విప్పేశాను. నా ఈతలో అందం లేదు, ఒడ్డు చేరడం మాత్రం ఉంది. "వచ్చును" కాస్తా "వచ్చింది" అయింది. నిబంధనల పుస్తకాన్ని కూడా ఆ సెలవుల్లోనే మొదటిసారి అట్ట నుంచి అట్టదాకా చదివాను. మడమ దారం గురించి అందులో అంకెలతో సహా ఉంది. నేను దాన్ని నాలుగు వేళ్లని మనసులో రాసుకున్నాను. మడమ పలకనుంచి నాలుగు వేళ్ల వెడల్పు కన్నా పైకి లేవకూడదు.

మొదటి పోటీలను నడిపించిన పెద్ద అంపైరు తర్వాతి పోటీలకు బదిలీ మీద పోవడంతో ఆ బాధ్యత నా మీద పడింది. చిన్న పోటీల్లో ఒక్క మనిషే అన్నీ చూడాలి. పడవలను పరీక్షించాలి, పందెం మొదలుపెట్టాలి, మోటారు పడవలో వెనకాలే పోతూ ఎవరూ పక్కవాళ్ల దారిలోకి పోకుండా చూడాలి. నేను పొద్దున్నే షెడ్డుకు పోయి ప్రతి బూటు మడమ కిందా నాలుగు వేళ్లు పెట్టి చూశాను. ఎక్కువున్న ప్రతి దారాన్నీ కుదించి కట్టాను.

మెకానిక్కు చేతులు కట్టుకుని చూస్తూ, "సారుకు నీళ్ల భయం వోయి దారాల భయం వట్టింది" అన్నాడు.

ఆ రోజు ఆడపిల్లల ఒంటరి పడవ పందెంలో ముగ్గురే ఉన్నారు. జగిత్యాల అమ్మాయి, కోరుట్ల అమ్మాయి, సిరిసిల్ల అమ్మాయి. సెలవుల్లో ముగ్గురూ ఈ నీళ్లలోనే నేర్చుకున్నారు. ముగ్గురూ ఈత పరీక్ష ఇచ్చాకే పడవెక్కారు. అంపైరుకు అలాంటి పరీక్ష పెట్టకపోవడం నా పాత అదృష్టం. గెలిచిన ఒక్కరికి రాష్ట్ర శిక్షణ శిబిరంలో ఏడాదిపాటు చోటు. హాస్టలు, చదువు, తనకంటూ ఒక పడవ.

కోరుట్ల అమ్మాయి మా బడిలో చదివిన పిల్లే. కబడ్డీలో కూత మొదలుపెడితే ఆపడం మరిచిపోయేది. ఈ పోటీల్లో ఆడటానికి ఆమెకు ఇంకా రెండేళ్లుంది. సిరిసిల్ల అమ్మాయికి లేదు. వచ్చే ఏడాదికి ఆమె ఈ వయసు విభాగం దాటిపోతుంది. శిబిరానికి పోతే ఇప్పుడే పోవాలి. వాళ్లమ్మ ఇంట్లో కండెలు చుడుతుంది. మగ్గంలో అడ్డంగా పరుగెత్తే దారాన్ని చుట్టే చిన్న పుల్లలే కండెలు. కూతురు పడవ నడపడం ఆమె అప్పటిదాకా చూడలేదు. ఆ పొద్దున కండెల మిషను ఆపి మొదటిసారి ఒడ్డుకు వచ్చింది. చీర కొంగు నిండా దూది అంటుకుని ఉంది.

మానేరు మీద ఎండెక్కితే గాలి లేస్తుంది. అలలు మరీ లేస్తే పందెం ఆపెయ్యాలి, అది కూడా నా పనే. పందెం జరక్కపోతే ముందురోజు విడివిడిగా నడిపినప్పటి సమయాలు చూసి మొదటి చోటు ఇవ్వాలి. అందులో కోరుట్ల అమ్మాయి కొద్దిగా ముందుంది. ఇదంతా ఒడ్డున ఉన్న అందరికీ తెలుసు.

ముగ్గురూ పడవలెక్కారు. జెండా తీసుకుని మోటారు పడవ వైపు నడుస్తున్నాను. సిరిసిల్ల అమ్మాయి ఒడ్డు పక్కనే ఒకసారి కాళ్లు ముడిచి, చాచి చూసుకుంది. ఆమె ఎడమ బూటు మడమ పలకనుంచి జానెడు లేచింది.

ఆగిపోయాను. "గా బూటు మార్చిన్రా?"

మెకానిక్కు అరిచాడు, అంటే మామూలుగా చెప్పాడు. "మీరు చూసినంక పట్టీ తెగింది సారు. వేరే బూటు ఏసిన."

"దారం?"

"కట్టిన. కొత్త దారం."

"ఎంత వదులు?"

ఆయన చెయ్యి, ముప్ఫయ్యేళ్ల అలవాటుతో గాలిలో జానెడు చూపించింది.

"పడవ పక్కకు దియ్యిండ్రి. దారం మళ్ల కట్టేదాంక పందెం లేదు" అన్నాను.

ఒడ్డు మీద ఒక్కసారి గోల లేచింది.

"గాలి లేస్తున్నది సారు, ఏంగాదు, పోనియ్యిండ్రి!" అన్నారొకరు.

"కోరుట్ల సారు, కోరుట్ల పిల్ల. గాలొచ్చేదాంక గిట్లనే కాలం గడుపుతడు. మనకు తెల్వదా?" అన్నారు ఇంకొకరు, నాకు వినబడాలనే.

"బుడుంగు సారు మళ్ల బుడుంగుమంటడేమో సూడుండ్రి!" అని వెనకనుంచి ఒక గొంతు. నవ్వులు.

అమ్మాయి పడవలోంచే చేతులు జోడించింది. "సార్, నేను పడను సార్. ఒక్క రోజు గూడ పడలే. పోనియ్యుండ్రి సార్, గాలొస్తది."

ఆ మాటకు నా మనసు కదిలింది. ఒక్క దారం. ఆ పిల్లకు ఇదొక్కటే పొద్దు. పోనిస్తే అందరికీ మంచివాణ్ణి. కానీ ఆ పచ్చటి నీళ్లలో కాళ్లు లాగినకొద్దీ బూటు వెంట రావడం నాకు తెలుసు. ఒడ్డున ఉన్నవాళ్లెవరికీ తెలియదు, ఆ పిల్లకు అసలే తెలియదు.

"పడనని నేను గూడ అనుకున్న బిడ్డా" అన్నాను. "దారం కట్టాలె. ఎవరి పడవైనా గంతే."

మెకానిక్కు దారం కోసం షెడ్డుకు ఉరికాడు. షెడ్డు దూరం. గాలికి జెండా అంచు అప్పుడే కొట్టుకుంటోంది. అప్పుడు ఆ పిల్ల తల్లి చెప్పులు విడిచి, మోకాలి లోతు నీళ్లలోకి దిగి వచ్చింది.

"ఎంత పొట్టిగుండాలె సారూ?"

"నాలుగు వేళ్లక్కా."

"ఎవలయి? మీయా, నాయా?"

నా వేళ్లు చూసుకున్నాను, ఆమె వేళ్లు చూశాను. నావి అరటిపండ్లు. ఇన్నాళ్లూ నేను కొలిచిన కొలత మీద నాకే అనుమానం వచ్చింది.

"నీయే అక్కా."

ఆమె ఉన్న దారాన్నే నోటితో కొరికి తెంపింది. నాలుగు వేళ్లు మడమ కింద పెట్టి, రెండు కొసలూ కలిపి, ఒక్కసారి వేళ్లు తిప్పింది. ఎట్లా తిప్పిందో నాకు కనబడలేదు. రోజంతా తెగిన దారాలు అతికే చేతులు అవి. గుంజి చూశాను. ముడి చిన్నగా, గట్టిగా, గింజలా ఉంది.

"తెగదా అక్కా?"

"నేనేసిన ముడి కాడ ఎన్నడు తెగది సారు. తెగితే పక్కన తెగాలె."

మడమ లేపి చూసింది అమ్మాయి. నాలుగు వేళ్లు. సరే అన్నాను. అప్పటికే మొదలు గీత దగ్గర ఉండాల్సిన సమయం దాటింది. మిగతా ఇద్దరూ అక్కడ అలల మీద పడవలు నిలబెట్టలేక అవస్థ పడుతున్నారు. ఆలస్యమైన పడవకు ఒక హెచ్చరిక ఇవ్వాలని నియమం. ఆ తర్వాత ఇంకొక తప్పు చేస్తే, జెండా పడకముందే కదిలినా సరే, పందెం నుంచి బయటికే. పసుపు కార్డు తీసి చూపించాను.

ఒడ్డున నన్ను తిట్టని మనిషి లేడు. తల్లి మాత్రం తిట్టలేదు. కూతురితో, "సారు చెయ్యి జూస్కో, తొందర వడకు" అంది.

పడవలు గీత మీద నిలిచాయి. ఎర్రజెండా ఎత్తాను, దించాను. జగిత్యాల, కోరుట్ల అమ్మాయిలు బాణాల్లా పోయారు. సిరిసిల్ల అమ్మాయి కార్డుకు భయపడి, జెండా పూర్తిగా పడేదాకా చూసి కదిలింది. సగం పడవ పొడుగంత దూరం అక్కడే పోయింది. ఆ సగం నేను తీసేసినట్టే అనిపించింది. మోటారు పడవలో వెనకాల పోతూ, అంపైరు ఎవరి పక్షమూ కోరుకోకూడదని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే మీకు అర్థమై ఉంటుంది.

సగం దూరం పోయేసరికి ఆమె జగిత్యాల పడవను దాటింది. వాళ్లమ్మ మిషనులా ఒకే తీరు లాగుతోంది, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. అప్పుడే గాలి పక్కనుంచి కొట్టింది. కోరుట్ల పడవ ముక్కు కొద్దికొద్దిగా తిరిగి సిరిసిల్ల అమ్మాయి దారిలోకి పోతోంది. ఇంకో నాలుగు తెడ్లు పోతే తగులుకుంటాయి. ఆపకపోతే మా పిల్లకే లాభం. పక్కదాని దారి మూసుకుపోతుంది.

తెల్లజెండా ఎత్తాను. "కోరుట్ల!" అని అరిచి, కుడివైపుకు చూపించాను.

మా పిల్ల నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నువ్వేనా సార్, అన్నట్టు. కానీ తిప్పుకుంది. తిప్పుకోవడంలో రెండు తెడ్ల వేగం పోయింది. చివరి గీత దగ్గర సిరిసిల్ల అమ్మాయి పడవ ముక్కు మాత్రమే ముందుంది. ఆ ముక్కు చాలు.

గెలిచానని తెలిసిన క్షణంలో ఆ అమ్మాయి నేను చేసిన పనే చేసింది. తెడ్లు వదిలి రెండు చేతులూ పైకెత్తింది.

పడవ తిరగబడింది.

ఒడ్డున ఒకే ఒక్క కేక, వాళ్లమ్మది. నేను లెక్కపెట్టాను. ఒకటి అన్నాను. రెండు అనేలోపే ఆ పిల్ల పైకి లేచింది. జుట్టంతా ముఖం మీద, నోటినిండా నీళ్లు, నవ్వు. ఒక చెయ్యి పడవ మీద. ఉత్త కాళ్లు నీళ్ల పైన ఆడిస్తోంది. బూట్లు రెండూ పలకనే పట్టుకుని ఉన్నాయి, నాలుగు వేళ్ల దూరంలో.

రక్షణ పడవలో ఉన్న మెకానిక్కు ఆమెను ఎక్కించుకుని, తిరగబడిన పడవను సరిచేసి, ఆ ఎడమ బూటు మడమ దారాన్ని వేలితో ఒకసారి మీటి చూశాడు. నావైపు చూడలేదు. పాతికేళ్ల కబడ్డీలో ఎంతోమంది మౌనం చూశాను గానీ, ఆ మనిషి మౌనంగా ఉండటం అదే మొదటిసారి చూశాను.

నేను మా పిల్ల పడవ పక్కకు పోయి, నియమం ప్రకారం అడిగాను. "ఏమన్న అభ్యంతరం ఉన్నదా?"

కాసేపు నీళ్లలోకి చూసింది. "లేదు సార్" అంది.

తెల్లజెండా ఎత్తాను. పందెం సరిగ్గా జరిగింది.

కోరుట్ల బస్సులో మా పిల్ల కిటికీ పక్కన కూర్చుంది, నేను ఆ పక్కన. బస్సు వేములవాడ దాటింది. చందుర్తి దగ్గర అడిగింది.

"సార్, జెండా నాకే ఎందుకు ఊపిండ్రు?"

"నువ్వే పక్క దారిలకు వోయినవు బిడ్డా."

"ఆమె వోతే ఆమెకు ఊపుతుంటిరా?"

"ఊపుతుంటి."

సంచీలోంచి పల్లీలు తీసి, నా చేతిలో సగం పోసింది. సగానికి కొంచెం తక్కువే, లెక్క చూశాను. "నాకింకా రెండేండ్లు ఉన్నది గద సార్" అంది. రుద్రంగి వచ్చేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను ఆ ఏడాదంతా చేసిన పనుల్లో, పల్లీలు నమలకుండా నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైన పని. హాయైన పని కూడా అదే.

మరుసటి పోటీలకు మళ్లీ సిరిసిల్ల పోయాను. షెడ్డులోకి అడుగు పెట్టగానే మెకానిక్కు నా చేతిలో ఒక చిన్న చెక్కముక్క పెట్టాడు. నున్నగా, నల్లగా, ఒక కొసకు రంధ్రం, అందులో తాడు.

"ఏందన్నా ఇది?"

"కొలత కట్టె సారు. మగ్గంల అటిటు తిరిగే నాడె ఉంటది గద, విరిగిన నాడె కోసి జేసిన. ఆ కండెల అక్క నాలుగు వేళ్లు వెట్టించి గీత గీసిన. మీ వేళ్లతోటి కొలిస్తే లెక్క తప్పుతది."

పడవలన్నిటి మడమ దారాలూ చూశాను. ఒక్కటి కూడా వదులు లేదు. తప్పు నాదే సారు అని ఆ మనిషి అనలేదు, అనడు కూడా. ఆ చెక్కముక్కే ఆ మాట. నాకు అది చాలు.

చాలు అన్నాను గానీ, గ్రూపులో నా వీడియో మాత్రం అట్లాగే ఉంది. కొత్తగా చేరిన ప్రతి మనిషికీ ఆయన దాన్ని పంపుతూనే ఉన్నాడు.

ఆ పొద్దున శిబిరం నుంచి సెలవు మీద సిరిసిల్ల అమ్మాయి కూడా వచ్చింది. భుజాలు వెడల్పయ్యాయి, మాట కూడా వెడల్పయింది. నేనూ ఆ అమ్మాయీ టీ తాగుతూ కొద్దిసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ అనవసరం. తర్వాత ఆమె మెకానిక్కు దగ్గరికి పోయింది.

"మామా, మా క్యాంపుల పోటీల ముందట పడవ బోర్లేసి, కాళ్లు ఎట్ల ఊడొస్తయో పిల్లలకు చూపిస్తరు. ఇక్కడ గూడ చూపియ్యాలె. నువ్వు జెప్తే అవతలి ఒడ్డుకు గూడ ఇనవడ్తది."

"నేనా?" అన్నాడాయన. కాదనలేదు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఇంటికి మనిషిని పంపి కొత్త గళ్ల చొక్కా తెప్పించుకున్నాడు. జాకెట్ వేసుకోమని నేను చెప్పాల్సిన పని లేకుండా తనే వేసుకున్నాడు. పిల్లలంతా ఒడ్డున వరుసగా కూర్చున్నారు. ఆయన పడవలో కూర్చుని, మడమ దారం గురించి నాలుగు వీధులకు వినబడేలా పావుగంట చెప్పాడు. ఒక్క మాట కూడా తప్పు లేదు. నాకే గర్వమనిపించింది. చివర నావైపు తిరిగాడు.

"సారు, ఫోన్ల దియ్యుండ్రి. నేను పైకొచ్చేది మంచిగ రావాలె."

"నువ్వు కానియ్యన్నా. నేనున్న గద."

నవ్వాడు. చెయ్యెత్తాడు. బుడుంగుమన్నాడు.

రెండు సెకన్లలో ఉత్త కాళ్లతో పైకొచ్చాడు. గళ్ల చొక్కాలో, చేప ఎగిరినట్టు. పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాలనుకున్నాను, చేతిలో ఫోను ఉంది.

సాయంత్రం బస్సెక్కాక వీడియోను గ్రూపులో పెట్టాను. వేములవాడ రాకముందే ఫోను మోగింది. చెవికి దూరంగా పెట్టుకుని ఎత్తాను.

"సారు! నేను పడ్డదే ఉన్నది. పైకొచ్చింది ఏది సారు?"

"ఆకాశం మంచిగొచ్చింది గదన్నా" అన్నాను.